హైదరాబాద్ నుంచి లీడ్స్‌కి కుక్కతో: ఆమ్‌స్టర్‌డామ్ దాకా విమానం, అక్కణ్నుంచి ఓడ

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీ ఆవిడకి లీడ్స్‌లో ఉద్యోగం వచ్చింది, ఆరు నెలల్లో అందరూ వెళ్లాలి. ఇంట్లో నాలుగేళ్ల ఇండీ (నాటు) కుక్క ఉంది, 14 కిలోల బరువు. కార్గోలో వేయడానికి మనసు ఒప్పడం లేదు. యూరప్ దాకా విమానంలో వెళ్లి అక్కణ్నుంచి ఓడలో ఇంగ్లండ్ చేరొచ్చని ఎవరో చెప్పారు. అది నిజమేనా, ఓడలో కుక్కను మీ దగ్గరే ఉంచుకోనిస్తారా అని అడిగారు.

నిజమే. ఇటువైపు వచ్చే తెలుగువాళ్లు చాలామంది అలాగే తెచ్చుకుంటున్నారు. నేను ఉండేది ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఆ ఓడలు ఆగే హార్విచ్ రేవుకి దగ్గర్లోనే, కుక్కలతో, పిల్లులతో దిగేవాళ్లకి కాగితాలు సర్దిపెట్టడం, దారి చెప్పడం నాకు అలవాటైన పని. ఓడ గురించి మీరు పెట్టుకున్న టెన్షన్‌లో సగం అనవసరం. మిగతా సగం తీసుకెళ్లి తేదీల మీద పెట్టండి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. బ్రిటన్‌కి విమానంలో వచ్చే పెంపుడు జంతువు ఏదైనా కార్గోగానే రావాలి, క్యాబిన్‌లో గానీ మీ లగేజీతో గానీ రానివ్వరు. అంధులకి తోడుండే కుక్కల్లాంటి వాటికే మినహాయింపు. యూరప్‌లో చాలా దేశాల్లో ఈ నిబంధన లేదు. అందుకే జనం ఆమ్‌స్టర్‌డామ్‌లోనో పారిస్‌లోనో దిగి, మిగతా దూరం ఓడలో దాటుతారు. కానీ క్యాబిన్‌లో మీ కాళ్ల దగ్గర పెట్టుకోవాలంటే చాలా ఎయిర్‌లైన్లలో బ్యాగుతో కలిపి 8 కిలోలు దాటకూడదు. మీది 14 కిలోలు, అంటే ఆమ్‌స్టర్‌డామ్ దాకా అది హోల్డ్‌లోనే, అంటే విమానం కింది సామాను అరలోనే వస్తుంది. కార్గో అని రాసినా, ఎక్స్‌ట్రా లగేజీ అని రాసినా కుక్కను పెట్టే చోటు ఒకటే: గాలి ఒత్తిడి, వేడి సరిచూసే అర. కాబట్టి 'కార్గో భయం' ఒక్కటే మీ కారణమైతే ఓడ దాన్ని తీర్చదు. తీర్చేది వేరేవి. దిగిన చోట కుక్క నేరుగా మీ చేతికి వస్తుంది. లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టులో అయితే అది జంతువుల కేంద్రానికి వెళ్లి, కాగితాల తనిఖీ, కస్టమ్స్ క్లియరెన్స్ అయ్యేదాకా మీరు బయట గంటల తరబడి కూర్చోవాలి. ఆ చార్జీలు, ఏజెంటు ఫీజు కూడా తక్కువేం కాదు. పిల్లి, పొమెరేనియన్ ఉన్నవాళ్లయితే రెండో ఆలోచన లేకుండా ఓడ దారే మేలు. మీ బరువు కుక్కకి మాత్రం రెండూ కుదిరేవే, లెక్క వేసుకుని తేల్చుకోండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ ముందు చెప్పరు. మీకు యూకే వీసా ఉంటే సరిపోదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్కిపోల్ ఎయిర్‌పోర్టు దాటి బయటికి వస్తున్నారు కాబట్టి భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) కావాలి. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, దాని మీద వీసా కేంద్రం చార్జీ. కుటుంబమంతా ఈ దారిన రానక్కర్లేదు. మీరు కుక్కతో ఓడలో, ఆవిడ పిల్లలతో నేరుగా మాంచెస్టర్‌కి రావచ్చు. అప్పుడు ఒక్క వీసాతో పోతుంది. కుక్క యజమానిగా కాగితాల్లో ఎవరి పేరు ఉందో వాళ్లే ఈ దారిన వస్తే మాటలు తగ్గుతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. రేబిస్ లెక్కన యూరప్‌గానీ బ్రిటన్‌గానీ మన దేశాన్ని తాము నమ్మే దేశాల జాబితాలో పెట్టలేదు. అందువల్ల టీకా వేయిస్తే చాలదు, అది పనిచేసిందని రక్త పరీక్షతో చూపించాలి. వరుస ఇలా ఉంటుంది. మొదట మైక్రోచిప్, అంటే చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్. తర్వాత రేబిస్ టీకా, లేదా రెండూ ఒకే రోజు. టీకా వేసిన తర్వాత కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయాలి. అది యూరోపియన్ యూనియన్ గుర్తించిన ల్యాబ్‌లోనే పరీక్షించాలి, రేబిస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకి 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్) లేదా అంతకన్నా ఎక్కువ రావాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు గడిచాకే ప్రయాణం. రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు, తీసిన రోజు నుంచి. ఇది మీకు కలిసొచ్చే మాటే.

మన దగ్గర ఎక్కువ కేసులు చెడేది మొదటి మెట్టు దగ్గరే. కుక్కకి ఏటేటా టీకాలు వేయించే ఉంటారు, పుస్తకం నిండా స్టిక్కర్లు ఉంటాయి, చిప్ మాత్రం విదేశం వెళ్తున్నామనగానే వేయిస్తారు. చిప్ కంటే ముందు వేసిన టీకాలు లెక్కలోకి రావు. చిప్ వేశాక మళ్లీ టీకా, మళ్లీ 30 రోజులు. మీ కుక్కకి చిప్ ఎప్పుడు వేశారో మీరు రాయలేదు, ఇవాళే చూడండి. చిప్ 15 అంకెల ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) రకమై ఉండాలి. డాక్టరు చేత స్కానర్‌తో చదివించి, టీకా పుస్తకంలో, ల్యాబ్ ఫారంలో అదే నంబరు అంకె తప్పకుండా ఉందో లేదో మీరే వేలు పెట్టి సరిచూడండి. ఒక్క అంకె తారుమారైనా రేవులో అది వేరే కుక్క కిందే లెక్క. టీకా బ్యాచ్ నంబరు, ఎప్పటిదాకా చెల్లుతుందన్న తేదీ కూడా ఉండాలి. తర్వాతి డోసు గడువు దాటి ఒక్క రోజు ఆలస్యంగా వేయించినా రక్త పరీక్షతో సహా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

లెక్క వేస్తే ఇవాళ చిప్, టీకాతో మొదలుపెట్టినవాళ్లకి నాలుగు నెలలు పైచిలుకు పడుతుంది. మీకు ఆరు నెలలుంది, చాలు. ఇలాంటి ప్రశ్నే అడిగే చాలామందికి ఆరు వారాల్లో జాయినింగ్ ఉంటుంది. వాళ్లు కుక్కను అమ్మానాన్నల దగ్గర వదిలి వచ్చేస్తారు, 'సమ్మర్‌లో నాన్నగారు చూడ్డానికి వస్తూ తీసుకొస్తారులే' అనుకుంటారు. అలా కుదరదు. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటే వేరొకరు కుక్కను తేవచ్చు గానీ, యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ మధ్య తేడా 5 రోజులు మించకూడదు. మించితే అది వ్యాపారం కింద తెచ్చినట్టే, నిబంధనలన్నీ మారిపోతాయి. అంటే యజమానే సెలవు పెట్టి హైదరాబాద్ వచ్చి, అటూ ఇటూ 5 రోజుల్లో కలిసి వెళ్లాలి. నాన్నగారి టికెట్టు బుక్ చేసే ముందు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

చివరి పది రోజుల పని వేరు. రెండు ఆరోగ్య ధ్రువపత్రాలు కావాలి: నెదర్లాండ్స్‌లో దిగడానికి యూరోపియన్ యూనియన్‌ది, హార్విచ్‌లో దిగడానికి గ్రేట్ బ్రిటన్‌ది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని బదులు ఒకటి పనికిరాదు. ఫారాలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి ఏడాది క్రితం వెళ్లిన స్నేహితుడు పంపిన పీడీఎఫ్ వాడకండి. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి, డచ్ ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి ఆ వారమే దించుకోండి. వీటి మీద సంతకం పెట్టాల్సింది ప్రభుత్వ పశువైద్యాధికారి. మీకు అది శంషాబాద్‌లోని యానిమల్ క్వారంటైన్ ఆఫీసు. ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని, కుక్కను, పాస్‌పోర్టు, టికెట్టు, టీకా పుస్తకం, ల్యాబ్ రిపోర్టు ఒరిజినల్ పట్టుకుని వెళ్లాలి. సంతకమైన నాటి నుంచి 10 రోజుల్లోపు గమ్యంలో అడుగుపెట్టాలి. ప్రతి పేజీ మీదా ముద్ర పడిందో లేదో, కొట్టివేతలు ఉన్నచోట పక్కన సంతకం ఉందో లేదో అక్కడే బల్ల దగ్గర నిలబడి చూసుకోండి. అధికారి విసుక్కున్నా ఫర్వాలేదు.

బద్దెపురుగు మందు ఒకటి మిగిలింది. కుక్కలకే ఇది, పిల్లులకి అక్కర్లేదు. బ్రిటన్ గడ్డ మీద దిగే సమయానికి 24 గంటలకి తక్కువ కాకుండా, 120 గంటలకి మించకుండా ముందు, డాక్టరే స్వయంగా ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు వేయాలి. మందు పేరు, తయారీ కంపెనీ, తేదీ, సమయం రాసి సంతకం చేయాలి. మన డాక్టర్లు తేదీ రాస్తారు, సమయం రాయరు. అడిగి రాయించండి. లెక్క మీ తరఫున చేసి చూపిస్తాను. గురువారం ఉదయం 10 గంటలకి హైదరాబాద్‌లో మందు వేయించారు. శుక్రవారం రాత్రి విమానం, శనివారం స్కిపోల్, ఆ రాత్రే ఓడ, ఆదివారం ఉదయం 6:30కి హార్విచ్. చలికాలంలో టైం తేడా 5:30 గంటలు కాబట్టి మొత్తం 74 గంటలైంది. హాయిగా మధ్యలో ఉన్నారు. విమానం ఒక రోజు ఆలస్యమైతే 98, ఇంకా ఫర్వాలేదు. రెండు రోజులైతే 122, గడువు దాటింది. అప్పుడు నెదర్లాండ్స్‌లో పశువైద్యుడి దగ్గర మళ్లీ మందు వేయించి, పత్రం మీద రాయించి, 24 గంటలు ఆగి ఓడెక్కాలి. అందుకే ముందు జాగ్రత్త అని సోమవారమో మంగళవారమో వేయించడం తెలివితక్కువ పని.

ఇవేవీ సరిగ్గా లేకపోతే ఓడ ఎక్కనివ్వరు. ఎలాగో దాటినా క్వారంటైన్ నాలుగు నెలల దాకా ఉండొచ్చు, ఖర్చు మీదే.

దారి సంగతి. మీకు కారు ఉండదు కాబట్టి ఏ ఓడ పడితే అది పనికిరాదు. ఫ్రాన్స్‌లోని కలే నుంచి ఇంగ్లండ్‌లోని డోవర్‌కి గంటన్నర ప్రయాణమే గానీ, అక్కడ నడిచి ఎక్కేవాళ్లని పెంపుడు జంతువులతో ఎక్కనివ్వరు. లండన్ వెళ్లే యూరోస్టార్ రైల్లో పెంపుడు కుక్కలకి ప్రవేశం లేదు. సముద్రం కింది సొరంగంలో వెళ్లే లీషటిల్ రైలు కార్లలో వచ్చేవాళ్లకే. కారు లేనివాళ్లకి చిరకాలంగా నమ్మకమైన దారి నెదర్లాండ్స్‌లోని హుక్ ఆఫ్ హాలండ్ రేవు నుంచి హార్విచ్. లీడ్స్‌కి హల్, న్యూకాజిల్ రేవులు దగ్గర కదా అని మ్యాప్ చూసి అంటారు. నిజమే, రాటర్‌డామ్ నుంచి హల్‌కి, ఆమ్‌స్టర్‌డామ్ పక్కన ఐముదెన్ నుంచి న్యూకాజిల్‌కి రాత్రి ఓడలున్నాయి. లీడ్స్‌లో ఉన్న స్నేహితుడు కారేసుకుని నెదర్లాండ్స్‌కి వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తానంటే హల్ ఓడకి మించింది లేదు. కారు లేకుండా అయితే టికెట్టు కొనకముందే కుక్క ఉందని చెప్పి ఒప్పుకుంటారో లేదో తేల్చుకోండి.

స్కిపోల్‌లో కుక్క క్రేట్ (అది ప్రయాణించే పెట్టె) మామూలు బెల్టు మీదకి రాదు, పెద్ద సామాను ఇచ్చే కౌంటరు దగ్గరికి వస్తుంది. చేతికి రాగానే తలుపు తీసి ముద్దు చేయకండి, ఆ హడావుడిలో పట్టు తప్పించుకున్న కుక్క ఎటు పరిగెడుతుందో చెప్పలేం. క్రేట్‌లోనే ఉంచి రెడ్ చానెల్‌లోకి వెళ్లి కస్టమ్స్‌కి కాగితాలు చూపించండి. గ్రీన్‌లోంచి బయటికొస్తే తప్పు మీదే అవుతుంది. బయట గడ్డి దొరికాక బెల్టు బిగించి దింపండి. ఆ తర్వాత క్రేట్ స్క్రూలు విప్పి పై సగాన్ని తిరగేసి కింది సగంలో దూర్చేస్తే సామాను సగమవుతుంది, దానికో చిన్న స్క్రూడ్రైవర్ చెకిన్ బ్యాగులో ఉండాలి. రేవుకి ముందు రైల్లో, తర్వాత మెట్రోలో వెళ్లొచ్చు. రాటర్‌డామ్ పక్కనున్న స్కీడమ్ నుంచి మెట్రో బి లైను సరిగ్గా రేవు పక్కనే హుక్ ఆఫ్ హాలండ్ హావెన్‌లో దింపుతుంది. ఒంటరిగా బ్యాగుతో వచ్చేవాడికి అది చక్కటి దారి. రెండు సూట్‌కేసులు, క్రేట్, రాత్రంతా నిద్రలేని కుక్కతో మీరు మాత్రం ముందే వ్యాన్ టాక్సీ మాట్లాడుకోండి. సుమారు గంట ప్రయాణం.

ఓడలో మీ దగ్గరే ఉంచుకోవచ్చా అన్నారు. ఉంచుకోవచ్చు, పెట్ క్యాబిన్ (జంతువుతో కలిసి ఉండనిచ్చే గది) దొరికితే. అవి కొన్నే ఉంటాయి, వేసవిలో నెలల ముందే అయిపోతాయి. విమానం టికెట్టు కంటే ముందు ఓడలో క్యాబిన్ తేదీ చూసుకోమని అందరికీ చెబుతాను, ఎందుకంటే విమానాలు రోజూ ఉంటాయి, ఆ క్యాబిన్లు ఉండవు. దొరక్కపోతే కెన్నెల్, అంటే ఓడలో కుక్కల కోసం విడిగా ఉండే గూడు. దాని మీద చెడ్డ అభిప్రాయం అక్కర్లేదు. క్రేట్‌కి అలవాటుపడిన కుక్క అక్కడ బాగానే నిద్రపోతుంది, మధ్యలో వెళ్లి చూసి రావచ్చు. రోజంతా మనిషిని అంటిపెట్టుకుని ఉండే కుక్కకే అది కష్టం.

హుక్‌లో ఓడెక్కే ముందు కౌంటరు దగ్గర స్కానర్ చేతికిస్తారు, లేదా వాళ్లే చదువుతారు. కొన్ని కుక్కల్లో చిప్ భుజం మీద నుంచి పక్కకి జారి ఉంటుంది, మీ కుక్కకి ఎక్కడ తగులుతుందో ముందే తెలిసుంటే అరనిమిషంలో పని అవుతుంది. మూతికి చిక్కం వెంట ఉంచుకోండి. మీది ఎంత సాధువైనా, మెట్ల దగ్గర ఇరుకులో ఎదురయ్యే ఇంకో కుక్క సంగతి మనకి తెలియదు.

ఓడలో అసలు ఇబ్బంది అలలు కాదు. ఆ ఓడలు చాలా పెద్దవి, ఉత్తర సముద్రం కాస్త కోపంగా ఉన్న రాత్రి తప్ప కదలిక పెద్దగా తెలియదు. ఇబ్బంది ఒంటికి పోవడం. డెక్ మీద జంతువులకని ఒక మూల కేటాయిస్తారు, అది ఇనుము, ఉప్పుగాలి, వేరే కుక్కల వాసన. మట్టి మీద, గడ్డి మీద తప్ప కాలెత్తని మన కుక్కలు అక్కడ గిరగిర తిరిగి, మన మొహం చూసి, మళ్లీ లోపలికి లాక్కెళ్తాయి. ఎనిమిది తొమ్మిది గంటలు ఆపుకున్న కుక్కలున్నాయి. దీనికి మందు ఇంటి దగ్గరే ఉంది. ఇప్పటి నుంచే టెర్రస్ మీద పీ ప్యాడ్ పరిచి, దాని మీద పోసినప్పుడల్లా ఒకే మాట అనండి, ఏ మాటైనా సరే. రెండు మూడు నెలలకి ఆ మాటకీ ఆ పనికీ ముడిపడుతుంది. ప్రయాణం రోజు వాడిన ప్యాడ్ ఒకటి కవర్లో కట్టి తెచ్చి డెక్ మీద పరవండి. వాసన చూసి తనదేనని గుర్తుపడుతుంది. రాత్రి ఓడ కదలకముందు రేవు బయట గడ్డి దగ్గర బాగా తిప్పడం మాత్రం మరవకండి.

ఇంకో చిన్న విషయం: ఇనుప జాలీ మెట్లు. సందుల్లోంచి కింద కనిపిస్తుంటే చాలా కుక్కలు కాలు వేయవు. అపార్ట్‌మెంట్‌లో డ్రైనేజీ జాలీల మీద నడిపించి అలవాటు చేస్తే మంచిదే, లేదంటే 14 కిలోలు ఎత్తుకుని దిగడానికి మీ నడుము సిద్ధంగా ఉండాలి.

వాంతులు చేసుకునే కుక్కలకి డాక్టరు మారోపిటెంట్ లాంటిది రాసిస్తారు, ముందు ఒకసారి కారు ప్రయాణంలో వాడి చూడండి. మత్తుమందు మాత్రం వద్దు. మత్తులో ఉన్న జంతువును ఎయిర్‌లైన్లే తీసుకోవు. ఓడెక్కడానికి మూడు నాలుగు గంటల ముందు తేలికగా తినిపించి, ఆ తర్వాత నీళ్లు మాత్రమే ఇవ్వండి.

తిండి దగ్గర మనవాళ్లకి ప్రత్యేకమైన చిక్కు ఉంది. పెరుగన్నం, చికెన్ ఉడికించిన నీళ్లతో పెరిగిన కుక్కలు మనవి. భారత్ నుంచి మాంసం, పాలపదార్థాలు లగేజీలో యూరప్‌లోకి తేవడం నిషేధం, చికెన్ ట్రీట్లు కూడా అంతే. డబ్బా పట్టుబడితే తీసి పారేస్తారు. ప్రయాణానికి నెల ముందు నుంచే యూరప్‌లో దొరికే ఏదో ఒక డ్రై ఫుడ్‌కి మెల్లగా మార్చండి. దిగాక స్కిపోల్ దగ్గర చిన్న ప్యాకెట్ కొనుక్కోవచ్చు. కొత్త తిండి, కొత్త నీళ్లు, ఓడ, మూడూ ఒకే రాత్రి పెడితే క్యాబిన్ శుభ్రం చేసేది మీరే.

ఇండీ కుక్కకి జాతి ఇబ్బంది లేదు. ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను: పిట్‌బుల్ టెర్రియర్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలేరో, ఎక్స్ఎల్ బుల్లీ, ఈ ఐదు రకాలు బ్రిటన్‌లో నిషేధం. ఏ ఓడా ఏ కాగితమూ వాటిని కాపాడదు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ఓడ ఫర్వాలేదు గానీ హోల్డ్‌లో చాలా ఎయిర్‌లైన్లు ఒప్పుకోవు.

హార్విచ్‌లో దిగాక స్టేషన్ రేవుని ఆనుకునే ఉంటుంది. అందరూ లండన్ మీదుగా వెళ్లమంటారు. కుక్కతో, సామానుతో లండన్ అండర్‌గ్రౌండ్ మెట్రో ఎందుకు? అక్కడ కదిలే మెట్ల మీద కుక్కను ఎత్తుకునే వెళ్లాలి. మానింగ్‌ట్రీ, ఇప్స్‌విచ్, పీటర్‌బరో, అక్కణ్నుంచి లీడ్స్. మారడాలు ఎక్కువే గానీ అన్నీ చిన్న స్టేషన్లు. బ్రిటన్ రైళ్లలో ఒక్కో ప్రయాణికుడితో రెండు కుక్కల దాకా టికెట్టు లేకుండా రావచ్చు.

మెడపట్టీకి మీ పేరు, ఇక్కడి చిరునామా చెక్కిన బిళ్ల తగిలించడం ఇంగ్లండ్‌లో చట్టం. హైదరాబాద్ ఫోన్ నంబరున్న బిళ్ల చాలదు. చిరునామా ఖాయమవగానే లీడ్స్ అడ్రసుతో ఒకటి చేయించి తెచ్చుకోండి, రేవు దాటేటప్పటికే మెడలో ఉంటుంది. చిప్ నంబరును ఇక్కడి డేటాబేసులో మీ పేరు మీద నమోదు చేయించాలి, ఆన్‌లైన్లోనే అవుతుంది. చిప్ తేదీ, చివరి రేబిస్ టీకా తేదీ ఇక్కడ రాస్తే, రక్తం ఎప్పుడు తీయించాలో, ఏ వారం ఓడ చూసుకోవాలో లెక్కకట్టి చెబుతాను.